ధారావాహిక పాఠకురాలిపై మోపిన నేరం

1960ల నుంచి 1980ల దాకా తెలుగు వారపత్రికల్లోనూ మాసపత్రికల్లోనూ ధారావాహికలుగా, అంటే వారానికో నెలకో ఒక భాగం చొప్పున, వెలువడిన నవలల గురించి, ముఖ్యంగా రచయిత్రుల నవలల గురించి, సాహిత్య విమర్శలో ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. ఆ నవలలు మధ్యతరగతి స్త్రీలకు కలలు అమ్మాయని, ఆరడుగుల అందగాణ్ణీ కారునూ మేడనూ చూపించి ఇంటి వాస్తవాన్ని మరిపించాయని, వాటిని చదవడం పలాయనమేనని ఆ అభిప్రాయ సారాంశం. బతుకులోని సమస్యను ఎదుర్కోకుండా ఊహల్లోకి తప్పుకునే ధోరణినే విమర్శకులు పలాయనవాదం అంటారు. ఈ తీర్పు ఎంతగా పాతుకుపోయిందంటే, ఆ నవలల్లో ఒక్కటైనా పూర్తిగా చదవనివారు కూడా దాన్ని రుజువైన సత్యంలా చెబుతుంటారు. వాటిని చదువుతూ పెరిగినవారు సైతం ఆ సంగతి కాస్త సిగ్గుపడుతూ ఒప్పుకుని, తర్వాత మంచి సాహిత్యంలోకి వచ్చామని వెంటనే చేర్చుతుంటారు. ఆ సిగ్గు అక్కరలేనిది. ఈ తీర్పు అచ్చయిన కథను మాత్రమే చూసి ఇచ్చినది. ఆ కథను ఎవరు, ఏ వేళ, ఏ పనుల మధ్య, ఎవరెవరితో పంచుకుని చదివారో చూడకుండా ఇచ్చినది. పఠనం మంచిచెడ్డలు తేల్చడానికి అంత మాత్రం పరిశీలన చాలదు.

ధారావాహిక అనే రూపాన్నే చిన్నచూపు చూసేవారు ముందుగా గమనించవలసిన విషయం ఒకటుంది. తెలుగులో తొలి నవలగా ఎక్కువమంది అంగీకరించే కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ‘వివేకవర్ధని’ పత్రికలో భాగాలుగా మొదలై 1880లో పుస్తకంగా వచ్చింది. తెలుగు నవల పుట్టుకే పత్రిక పుటల్లో జరిగింది కాబట్టి, వారం వారం చదివే పద్ధతి తర్వాతి కాలపు వ్యాపారం కనిపెట్టిన తంత్రమనడం చరిత్రకు నిలవదు.

ఇక ఆ పఠనం జరిగిన తీరు. ఆ కాలపు ఇల్లాలికి గంటల తరబడి తీరిక ఉండేది కాదు. పొద్దున వంట, పిల్లల బడి, మధ్యాహ్నం అంట్లు, సాయంత్రం మళ్లీ పొయ్యి, వీటి మధ్య దొరికే అరగంటలో ఆమె చదివేది. ఆ అరగంటకు సరిపడే కొలతలోనే పత్రిక ఒక భాగాన్ని అందించేది. కాబట్టి ఆ చదువు దినచర్యను విడిచి పారిపోయినది కాదు, దినచర్యలో తనకంటూ చోటు సంపాదించుకున్నది. ఏడు రోజుల విరామంలో కథ చదివినవారి నోట నలిగేది. కథానాయిక చేసినది తప్పా ఒప్పా అన్న చర్చ బావి దగ్గరా వాకిట్లోనూ నడిచేది, అందులో అత్తగారూ పక్కింటి పిన్నిగారూ కాలేజీకి వెళ్లే అమ్మాయీ తలోమాట అనేవారు. ఒక ఇంట కొన్న పత్రిక నాలుగైదు ఇళ్లు తిరిగేది. పెళ్లి, పెత్తనం, ఉద్యోగం, డబ్బు అనే విషయాల మీద ఇంట్లో నేరుగా నోరు విప్పలేని ఆడపిల్ల, నవలలోని పాత్రను అడ్డం పెట్టుకుని తన మాట చెప్పగలిగేది. దీన్ని వాస్తవాన్ని మరవడం అనడం కంటే, వాస్తవం గురించి మాట్లాడడానికి దొరికిన దారి అనడం న్యాయం.

ఆ పఠనానికి మిగిలిన అతి విలువైన సాక్ష్యం ఇళ్లలో కుట్టించి పెట్టుకున్న బైండు పుస్తకం. పత్రికలోంచి ధారావాహిక పుటలను జాగ్రత్తగా విడదీసి, వరుసగా పేర్చి, దబ్బనంతో తూట్లు పొడిచి దారం వేసి కుట్టేవారు, లేదా బైండింగు చేసేవాడికిచ్చి గట్టి అట్ట వేయించేవారు. అటువంటి పుస్తకాన్ని ఇప్పుడు తెరిస్తే, ప్రతి భాగం మొదట ‘జరిగిన కథ’, చివర ‘సశేషం’ కనిపిస్తాయి. కథ ముగిసిన పుట వెనకవైపు సగం కత్తిరించిన వంటకమో, కుట్టుపని నమూనానో, సబ్బు ప్రకటనో ఉంటుంది. ఎక్కడో ఒక వారం భాగం లోపించి, దాని స్థానంలో తెల్లకాగితం అంటించి ఉంటుంది. నవలను చదవడమే కాక, దాన్ని తన చేతులతో పుస్తకంగా తయారుచేసి, అట్ట మీద పేరు రాసి, అడిగినవారికి లెక్క రాసుకుని ఇచ్చిన పాఠకురాలిని కలల మత్తులో పడిన మనిషిగా చిత్రించడం అన్యాయం. మత్తులో ఉన్నవారు ఇంత శ్రద్ధగా భద్రపరచరు.

నవలల్లోని విషయం సంగతీ పరిశీలించవలసినదే. ఈ చర్చలో తరచు దోషిగా నిలబెట్టేది యద్దనపూడి సులోచనారాణి (1939–2018) ‘సెక్రటరీ’ని. ‘జ్యోతి’ మాసపత్రికలో ధారావాహికగా వచ్చిన ఆ నవల 1976లో సినిమా అయింది. సంపన్నుడైన రాజశేఖరం పాత్రను చూపి దాన్ని కలల నవల అన్నవారు, కథానాయిక జయంతి ఉద్యోగం చేసుకుని బతికే యువతి అన్న సంగతిని పక్కకు నెట్టేశారు. శీర్షికే ఒక ఉద్యోగం పేరు. ఆడపిల్ల ఆఫీసులో కూర్చోవడం, యజమానితో మాట్లాడవలసిరావడం, జీతం తీసుకుంటూనే ఆత్మాభిమానం నిలుపుకోవడం, లోకం అనే మాటలను భరించడం అప్పటికి ఎన్నో తెలుగు ఇళ్లలో కొత్త అనుభవాలు. కూతురు అప్లికేషను పెట్టనా వద్దా అని తేల్చుకోలేని కుటుంబాలకు ఆ కథలో ప్రేమతో పాటు ఈ ప్రశ్నలూ వినిపించాయి. నవల చివరకు పెళ్లి వైపు మొగ్గుతుందన్న ఆక్షేపణ నిజమే. కాని ముగింపును మాత్రమే చదివే పాఠకులు ఎక్కడా ఉండరు.

పాఠకురాలు ఒకే రుచికి బానిస అన్న ఊహ ఇంతకంటే బలహీనమైనది. దళిత యువకుడికీ బ్రాహ్మణ వితంతువుకూ జరిగిన పెళ్లిని, అందులో కులం రేపిన ఘర్షణను చిత్రించిన రంగనాయకమ్మ ‘బలిపీఠం’ కూడా ధారావాహికగానే పాఠకులకు చేరింది. ఆమె ‘జానకి విముక్తి’ వారపత్రికలో వస్తుండగా అభ్యంతరాలు చెలరేగి మధ్యలో ఆగిపోయింది. వినోదం కోసం పుటలు తిప్పి పడేసేవారి మధ్య ఏ నవలా అంత అలజడి రేపదు. వాసిరెడ్డి సీతాదేవి నవలలనూ ఈ పాఠకులే చదివారు. ‘ఆంధ్రప్రభ’ వారపత్రికలో ‘ప్రమదావనం’ శీర్షిక ద్వారా దశాబ్దాల పాటు స్త్రీల ప్రశ్నలకు జవాబులిచ్చిన మాలతీ చందూర్, మరోవైపు ‘పాత కెరటాలు’ పేరుతో ఇంగ్లీషులో చదివిన నవలలను తెలుగువారికి పరిచయం చేశారు. ఆమె రాసిన వంటల పుస్తకమూ అంతే ఆదరణ పొందింది. వంకాయ కూర తీరునూ యూరపు నవల కథనూ ఒకే రచయిత్రి కలం నుంచి తీసుకుని, రెంటినీ తన ఇంట్లో ఒకే అలమరలో పెట్టుకున్న పాఠకురాలికి సాహిత్యం వేరు, నిత్యజీవితం వేరు అన్న విభజన లేదు. ఆ విభజన విమర్శకుడిది.

ఈ తీర్పులో పక్షపాతం కూడా ఉంది, దాన్ని దాచనక్కరలేదు. కొవ్వలి లక్ష్మీనరసింహారావు నవలలు రైల్వే స్టేషన్లలో అమ్ముడుపోయాయి. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ కోసం మగపిల్లలు, పెద్దమగవారు అద్దె లైబ్రరీల చుట్టూ, అంటే డిపాజిట్టు కట్టించుకుని రోజుకింత చొప్పున పుస్తకాలు అద్దెకిచ్చే దుకాణాల చుట్టూ తిరిగారు. పండితులు ఆ పుస్తకాలనూ తక్కువగానే చూశారు. అయితే వాటిని చదివిన మగవారి కాపురాలు చెడిపోతాయని ఎవరూ బెంగపడలేదు. ఆడవారు చదివినప్పుడే చదువు కుటుంబానికి ప్రమాదమైంది. అటువంటి బెంగను సాహిత్య విలువల పేరుతో చెలామణీ చేయడం విమర్శకు తగదు.

అచ్చయినదంతా సమానమనడం ఈ వాదన ఉద్దేశం కాదు. 1980లలో చేతబడి, దయ్యాలు, హింస కేంద్రంగా వచ్చిన నవలలను క్షుద్ర సాహిత్యమని పిలిచారు. వాటి మీద వచ్చిన ఆగ్రహంలో చాలా భాగం సబబైనదే. ఆ నవలల్లో ప్రసిద్ధమైన యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ మీద రంగనాయకమ్మ ఏకంగా ఖండన గ్రంథమే రాశారు. ఆమె వాదనతో ఏకీభవించినా లేకపోయినా, ఖండించదలచిన నవలను ఎదుట పెట్టుకుని వాదించడమే విమర్శకు సరైన దారి. ఒక తరం రాసిన వందల నవలలను ఒకే మూటగా కట్టి, వాటితో పాటు లక్షలాది పాఠకులనూ అదే మూటలో వేసి పారేయడం ఆ దారికి పూర్తిగా విరుద్ధం.

తెలుగువారికి పుస్తకాన్ని చేరువ చేసిన గ్రంథాలయోద్యమ కార్యకర్తలు, చదువు దినచర్యలోనే చోటు వెతుక్కుంటుందన్న విషయాన్ని విమర్శకుల కంటే బాగా గ్రహించారు. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా డెల్టా కాలువ మీద కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య తిరిగే పడవల్లో గ్రంథాలయం ఏర్పాటు చేశారు. పనిమీద ఊరికి పోయే మనిషి ఎలాగూ కొన్ని గంటలు పడవలో కూర్చుంటాడు, ఆ గంటల్లో పుస్తకం అతని చేతికి అందాలి. జనాన్ని పుస్తకం దగ్గరకు రమ్మనడం కాక, జనం బతుకు నడిచే దారిలోకే పుస్తకాన్ని పంపడం అందులోని ఆలోచన. ఇంటి గడప దాటి గ్రంథాలయానికి వెళ్లే వీలు అంతగా లేని స్త్రీల విషయంలో అదే పనిని వారపత్రిక చేసింది.

1990ల నుంచి టీవీ ధారావాహికలు ఆ అరగంటను ఆక్రమించుకున్నాయి, పేరున్న పత్రికలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. తెలుగులో చదివేవారు లేరని ఇప్పుడు సభల్లో బాధపడేవారిలో, ఒకప్పుడు ఈ పాఠకురాళ్ల చదువు చదువే కాదన్నవారూ ఉన్నారు. వారపత్రిక కోసం వీధి గుమ్మంలో ఎదురుచూసిన ఆ చదువరులే తమ పిల్లలకు ‘చందమామ’ పత్రిక కొనిపెట్టారు, పుస్తకం చదివే ఇల్లు ఎలా ఉంటుందో చూపించారు. వారి మీద మోపిన నేరాన్ని ఉపసంహరించుకుని, తెలుగు నవల చరిత్రలో రచయితల పేర్ల పక్కన వారి పఠనానికీ ఒక అధ్యాయం కేటాయించాలి. ఆ అధ్యాయానికి కావలసిన ఆధారాలైన బైండు పుస్తకాలు ఇంటి అటకల మీద నుంచి తూకానికి పోతున్నాయి, గ్రంథాలయాలు వాటిని సేకరించే పని ఇప్పుడే మొదలుపెట్టాలి.