సీలు చూసి సంతకం పెట్టకండి

కంపెనీ నుంచి కొత్తగా వచ్చిన సర్వర్‌ను మూత తీసి చూడటం దండగన్న అభిప్రాయం మన ఐటీ విభాగాల్లో పాతుకుపోయింది. సీలు ఉంది, వారంటీ ఉంది, చలానా మీద సంతకం పెట్టి ర్యాక్‌కెక్కించేయడమే అంటారు. ఏళ్ల తరబడి ఈ పని చేసినవాళ్లే ఈ మాట అనడం నాకు బాధ కలిగిస్తుంది.

సీలు దేనికీ రుజువు కాదు. పాత్రికేయుడు గ్లెన్ గ్రీన్‌వాల్డ్ 2014లో బయటపెట్టిన అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏ పత్రాల్లో ఒక ఫొటో ఉంది. దారిలో ఆపిన సిస్కో పెట్టెను ఆ సంస్థ సిబ్బంది నేర్పుగా విప్పుతున్నారు. లోపల తమ పరికరం అమర్చి, మళ్లీ అంటించి పంపడం వాళ్ల పద్ధతి. మన ఆఫీసు మీద గూఢచారుల కన్ను లేకపోవచ్చు, డబ్బు కోసం మోసం చేసేవాళ్లు మాత్రం ఉన్నారు. 2025 మొదట్లో జర్మనీలో కొత్తవని అమ్మిన సీగేట్ హార్డ్ డిస్కులు అప్పటికే వేల గంటలు తిరిగినవని హైజే పత్రిక రాసింది. వాటిని అలా పంపింది తాము కాదని సీగేట్ చెప్పింది. డిస్కు తిరిగిన గంటలు చూపే స్మార్ట్ లెక్కను ఎవరో సున్నా చేశారు గానీ, ఫార్మ్ అనే మరో లాగ్‌లో అసలు గంటలు మిగిలిపోయాయి. దాన్ని చదివినవాళ్లకే నిజం తెలిసింది.

ఇక వారంటీ. అది మామూలుగా తయారీ లోపానికి వర్తిస్తుంది, లారీలో తగిలిన దెబ్బకు కాదు. ఏమీ రాయకుండా పెట్టిన సంతకం రేపు మనకే ఎదురు సాక్ష్యం. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం దావాకు ముందు, సరుకు బుక్ చేసిన 180 రోజుల్లోగా నోటీసివ్వాలి. గడువు ఉన్నా, ఐదో నెలలో బయటపడ్డ సొట్ట దారిలోనే పడిందని ఎలా నిరూపిస్తాం?

అందుకే లారీ డ్రైవర్ ఉండగానే మూలలు, తడి మరకలు చూసి ఫొటోలు తీయాలి. కుదుపు తెలిపే స్టిక్కరు ఎర్రబడితే సరుకు తిప్పి పంపనక్కర్లేదు, ఆ సంగతి చలానా మీద రాయించాలి. ఎర్రబడకపోయినా మూత తీయాలి. బరువైన హీట్‌సింక్ మరలు వదులవుతాయి, ర్యామ్, రైజర్ కార్డులు స్లాట్‌లోంచి కాస్త లేస్తాయి. అట్టపెట్టెలు సర్వర్ గది బయటే విప్పాలి, లేకపోతే అట్ట నూగును ఫ్యాన్లు లోపలికి లాక్కుంటాయి. చల్లని చోటు నుంచి తేమగాలిలోకి వచ్చిన లోహానికి చెమ్మ పడుతుంది, అది ఆరేదాకా కరెంటు ఇవ్వకూడదు. తర్వాత సర్వర్ నిర్వహణ సాధనాలైన ఐడ్రాక్‌లోనో ఐలోలోనో కనబడే భాగాల జాబితాను ఆర్డరుతో, సీరియల్ నంబర్లతో పోల్చి, ర్యామ్ పరీక్ష నడపాలి.

ఇంత తీరిక ఎక్కడిదంటారు. వదులైన ర్యామ్‌ను బల్ల మీద సరిచేయడం నిమిషాల పని. అదే ఆసుపత్రి రిజిస్ట్రేషన్ నడుస్తున్న సర్వర్‌లో అయితే క్యూలో నిలబడ్డ రోగులు ఆగిపోతారు, నింద ఆ రాత్రి డ్యూటీలో ఉన్న కుర్రాడి మీద పడుతుంది. తొందరపెట్టిన అధికారి పేరు ఎక్కడా రాదు. కాబట్టి ఆర్డరులోనే రాయండి: బిల్లు చెల్లింపు డెలివరీ సంతకం మీద కాదు, పరీక్షల నివేదిక మీద. ఆ నివేదికపై తొందరపెట్టే అధికారి కూడా సంతకం చేయాలి.