ఆడపడుచు సంతకం

మా తాతయ్య పోయిన ఏడాది, అంటే 1988లో, అమ్మ వెంట నేనూ రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లాను. నాకప్పుడు ఎనిమిదేళ్లు. వేపచెట్టు కింద బల్ల వేసుకున్న దస్తావేజు లేఖరి స్టాంపు కాగితాల మీద చకచకా రాసుకుపోతున్నాడు. పెద్దమామయ్య నాకు గోలీసోడా కొనిచ్చాడు. అమ్మ చూపించిన చోటల్లా సంతకం పెట్టింది, ఎడమ బొటనవేలి ముద్ర వేసింది. ఇంటికొచ్చాక ఆ సిరా పోవడానికి కొబ్బరినూనె రాసి రుద్దుకుంది. సాయంత్రం అత్తయ్య గారెలు వండి, అమ్మకు కొత్త చీర పెట్టి బొట్టు పెట్టింది. ఇల్లంతా పండగలా ఉంది.

ఆ కాగితాన్ని హక్కు విడుదల దస్తావేజు అంటారు. ఆ సంగతి నాకు పాతికేళ్ల తర్వాత గానీ తెలియలేదు. ఒక గ్రంథాలయంలో ఆర్థికశాస్త్రవేత్త బీనా అగర్వాల్ 1994లో వెలువరించిన ‘ఎ ఫీల్డ్ ఆఫ్ వన్స్ ఓన్’ చదువుతుంటే తెలిసింది. దక్షిణాసియాలో ఆడవాళ్లకూ భూమికీ ఉన్న సంబంధం మీద రాసిన లావుపాటి పుస్తకం అది. మన దేశంతో పాటు పాకిస్తాన్, బంగ్లాదేశ్, నేపాల్, శ్రీలంక సంగతులు కూడా అందులో ఉంటాయి. చట్టం వాటా ఇచ్చినా అక్కచెల్లెళ్లు దాన్ని అన్నదమ్ములకు ఎందుకు వదిలేస్తారో ఆమె వివరించే చోట నేను ఆగిపోయాను. పేరు లేదన్నమాటే గానీ అది మా అమ్మ కథ.

లెక్క చెప్తాను, ఎందుకంటే మా ఇంట్లో ఎవరూ ఆ లెక్క వెయ్యలేదు. తాతయ్యకు తొమ్మిదెకరాల మాగాణి ఉండేది, కృష్ణా డెల్టాలో, అంతా పిత్రార్జితం. అమ్మమ్మ అంతకుముందే పోయింది. పిల్లలు ముగ్గురు: ఇద్దరు మామయ్యలు, అమ్మ. తాతయ్య వీలునామా రాయలేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఉమ్మడి ఆస్తిలో కొడుకులు పుట్టుకతోనే తండ్రితో సమాన వాటాదారులు, కూతురు కాదు. తండ్రి చనిపోతే, ఆ క్షణానికి ముందే పంపకాలు జరిగాయని అనుకుని లెక్క కడతారు. అలా తండ్రికీ ఇద్దరు కొడుకులకూ తలా మూడెకరాలు. ఇక తండ్రి వంతు మూడెకరాలు ముగ్గురు పిల్లలకూ తలా ఎకరం. మొత్తం కలిపితే మామయ్యలకు నాలుగేసి ఎకరాలు, అమ్మకు ఒక ఎకరం. ముగ్గురూ ఆ ఇంట్లోనే పుట్టారు. అమ్మ ఆ ఒక్క ఎకరమూ రాసిచ్చి వచ్చింది.

ఈ అన్యాయపు లెక్క ఎక్కడ మొదలైందో తెలుసుకోవాలంటే ఇంకొంచెం వెనక్కి వెళ్లాలి. అంబేడ్కర్ చేతిలోని హిందూ కోడ్ బిల్లు, మగపిల్లలకు పుట్టుకతో వచ్చే ఈ ఉమ్మడి హక్కునే తీసెయ్యాలనుకుంది. దాని మీద దేశమంతా గొడవైంది. బిల్లు ముందుకు సాగకపోవడంతో 1951లో ఆయన మంత్రి పదవి వదిలేశారు. తర్వాత ముక్కలు ముక్కలుగా వచ్చిన చట్టాల్లో, 1956 నాటికి ఆ పాత హక్కు మళ్లీ వచ్చి కూర్చుంది. చిత్రా సిన్హా ఈ వివాదం మీద ఒక పుస్తకమే రాశారు. చదువుతున్నంతసేపూ నాకు అనిపించింది, పార్లమెంటులో ఆ రోజు ఓడిపోయింది మా అమ్మ వాటాలోని రెండెకరాలని.

ఆ లెక్కను సరిచేయడంలో మన రాష్ట్రం చాలా ముందుంది. ఇది నేను గర్వంగానే చెప్తాను. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1986లో చట్టమై, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. కేరళ అంతకు పదేళ్ల ముందే ఉమ్మడి ఆస్తి పద్ధతిని మొత్తంగా ఎత్తేసింది. ఆ పద్ధతిని ఉంచుతూనే కూతుర్ని కొడుకు పక్కన నిలబెట్టింది మాత్రం మొదట మనమే. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో అదే దారి పట్టాయి. వరకట్నాన్ని పోగొట్టాలంటే ఆడపిల్లకు ఆస్తి ఇవ్వాలని మన చట్టం తన పీఠికలోనే రాసుకుంది. కొత్త లెక్కలో నలుగురూ సమానం, తండ్రి వంతు మళ్లీ ముగ్గురికీ సమానం. అంటే తొమ్మిదెకరాల్లో అమ్మకు మూడు.

కానీ అప్పటికే పెళ్లయిపోయిన కూతుళ్లకు ఆ చట్టం వర్తించలేదు. అమ్మ పెళ్లి 1979లో అయింది.

2005 సెప్టెంబరు 9న కేంద్రం చట్టాన్ని మార్చి పెళ్లి షరతు తీసేసింది. ఆ మార్పు కోసం పట్టుబట్టినవాళ్లలో ముందు నిలిచింది ఆ పుస్తకం రాసిన బీనా అగర్వాలే. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా వద్దా అన్న తగాదా ఇంకో పదిహేనేళ్లు నడిచింది. అక్కర్లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు వచ్చిన వారం నేను ఆశగా సవరణ చట్టం తీసి చూశాను. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకాలను తిరగదోడకూడదని అందులో ఉంది. మా తలుపు మూసుకుపోయి అప్పటికి చాలా ఏళ్లయింది.

చట్టం పుస్తకంలో ఈ సెక్షన్లన్నీ ఉంటాయి, తేదీలు కూడా ఉంటాయి. అమ్మ సంతకం ఎందుకు పెట్టిందో మాత్రం ఉండదు. అది తెలియాలంటే ఊళ్లకు వెళ్లి, ఆడవాళ్లతో మాట్లాడి, నమ్మకంగా రాసినవాళ్లను చదవాలి. శ్రీమతి బసు ఢిల్లీలో కుటుంబాలతో మాట్లాడి 1999లో ఒక పుస్తకం తెచ్చారు. హక్కు కోసం వచ్చిన ఆడపడుచు అన్న ఎత్తిపొడుపే దాని పేరు: ‘షి కమ్స్ టు టేక్ హర్ రైట్స్’. మన దగ్గర ఆ ఎత్తిపొడుపు ఇంకా సూటిగా ఉంటుంది, ‘వాటాకొచ్చింది’ అంటాం. ఆ ఒక్క మాట పడకుండా ఉండటానికే ఎంతోమంది ఎకరాలు వదులుకున్నారు. వాటా ఉన్న బంధువుకు మనం పెట్టుకున్న పేరు దాయాది. ఆ మాటలో పగ కూడా వినిపిస్తుంది. తోబుట్టువును దాయాదిగా మార్చుకోవడం అమ్మకు చేతకాలేదు.

అమ్మ అమాయకత్వంతో సంతకం పెట్టిందని నేను అననివ్వను. నాన్నకు ఆపరేషన్ అయిన ఏడాది బియ్యం బస్తాలు పంపింది చిన్నమామయ్య. నా పెళ్లికి మేనమామలిద్దరూ దగ్గరుండి అన్నీ చేశారు. పుట్టింటి గడప ఆమెకు ఒక భరోసా, ఆ భరోసాకు తెలిసీ తెలియక ఒక ధర కట్టింది. నా బాధంతా ఆ ధర ఒక్క వైపు నుంచే అడుగుతారని. అక్కచెల్లెలి ప్రేమ నిలవాలంటే నాలుగెకరాలూ వదులుకోమని ఏ తమ్ముణ్నీ ఎవరూ అడగలేదు. ‘కట్నం ఇచ్చాం కదా’ అంటారు. అమ్మ కట్నం నాన్న చెల్లెలి పెళ్లికి ఖర్చయింది. అది అమ్మ చేతికి వచ్చిందే లేదు.

ప్రదీప్ పండా, బీనా అగర్వాల్ తిరువనంతపురం జిల్లాలో చేసిన అధ్యయనం 2005లో అచ్చయింది. ఇల్లూ పొలమూ రెండూ లేని భార్యల్లో 49 శాతం మంది భర్త చేతిలో దెబ్బలు తిన్నారు. రెండూ ఉన్నవాళ్లలో అది 7 శాతం. ఆ అంకెలు చూశాక ఎకరం అంటే నాకు ధాన్యం బస్తాలు మాత్రమే గుర్తుకు రావడం మానేశాయి.

ఇవన్నీ నేను చదివింది ఇంగ్లీషులో. తెలుగులో ఇలాంటి రాత అసాధ్యమేమీ కాదు. లెక్కల పాఠాలు చెప్పి తర్వాత వకీలైన బాలగోపాల్, చట్టం జనం బతుకుల్లో ఎలా దిగుతుందో ఎంత తేట తెలుగులో రాశారో మనకు తెలుసు. కన్నబిరాన్ తన న్యాయవాద జీవితాన్ని ‘24 గంటలు’గా తెలుగులోనే చెప్పారు. పంపకాల మీద, వీలునామాల మీద, విడుదల కాగితాల మీద కూడా అంత శ్రద్ధగా రాసిన పుస్తకాలు కావాలి. రిజిస్ట్రేషన్ ఆఫీసుకు బయల్దేరే ముందు ఇంట్లో నలుగురూ కూర్చుని చదువుకునేలా ఉండాలవి.

పోయిన నెల కొన్ని సాయంత్రాలు అమ్మకు బీనా అగర్వాల్ పుస్తకంలోని పేజీలు నోటితోనే తెలుగు చేసి చెప్పాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వింది. మా తొమ్మిదెకరాల లెక్క కూడా చెప్పాను. చెయ్యి ఆపి, ‘అయితే ఆ ఎకరం నాదేనా?’ అంది. నీదేనన్నాను. చాలాసేపు మాట్లాడలేదు.

‘ఆ రోజు ఆ రాసినాయన ఇదంతా చదివి వినిపించి ఉంటే... అప్పుడూ ఇచ్చేసేదాన్నేమోనే. కానీ నేనే ఇచ్చానని నాకు తెలిసేది’ అంది.

తర్వాత ఏముందో చదవమంది.