పెద్దలు లండనుకు వెళ్లినప్పుడు

ఏలూరు, తాడేపల్లిగూడెం, ఆకివీడు, కైకలూరు ప్రాంతముల నుండి పిల్లలను చూచుటకు లండను వెళ్లివచ్చే తల్లిదండ్రులు ఇప్పుడు మన సంఘములలో ఉన్నారు. కోడలి పురిటికో, మనుమడిని ఎత్తుకొనుటకో వెళ్లుదురు. సందర్శకుల వీసా మీద సాధారణముగా ఆరు నెలల వరకు ఉండవచ్చును. తిరిగి వచ్చినవారిని లండను ఎలా ఉన్నదని మేము అడిగితే, చాలామంది చెప్పేది వంటగది కిటికీలోనుండి కనబడే వీధి సంగతే. పిల్లలు ఉదయము ఉద్యోగమునకు వెళ్లితే మరల చీకటి పడిన తరువాతనే వచ్చుట. పొలము, పాడి, ఇరుగుపొరుగు, ఆదివారపు ఆరాధన మధ్య మసలిన మనిషికి అది తాళము లేని ఖైదు. భాష రాదు, తప్పిపోతామేమో అనే భయమే దీనికి కారణము.

అంత భయము అక్కరలేదని మా అభిప్రాయము. కొల్లేటిలో లంక నుండి లంకకు దోనె వేసుకొని పోయేవారికి దారి చూపే బోర్డులు ఎవరు పెట్టినారు? గుర్తులు పట్టుకొని పోవుటయే గదా. లండను భూగర్భ రైళ్లలోనూ గుర్తు తెలిస్తే చాలును. 1863లో మొదలైన ఆ రైళ్లకు నేడు 11 మార్గములు, 272 స్టేషన్లు ఉన్నవి. ఒక్కొక్క మార్గమునకు ఒక్కొక్క రంగు. విమానాశ్రయము నుండి వచ్చే పిక్కడిల్లీ మార్గము ముదురు నీలము, సెంట్రల్ ఎరుపు, డిస్ట్రిక్ట్ ఆకుపచ్చ. ఇంగ్లీషు చదువలేని అమ్మ కూడా "ఆకుపచ్చ గీతలో ఆరవ స్టేషను" అని లెక్కపెట్టుకొని దిగగలదు.

బస్సు ఇంకా సుళువు. కిటికీలోనుండి ఊరు కనబడును. 2014 జూలై నుండి బస్సులో డబ్బు తీసుకొనరు గనుక, ఆయిస్టరు వంటి కార్డు ఉండవలెను. భార్యాభర్తలకు చెరొకటి, ఒక్క దానితో ఇద్దరు ప్రయాణము చేయకూడదు. బస్సు ఎక్కునప్పుడు ఒక్కసారి తాకించితే చాలును. రైలుకు మాత్రము లోపలికి పోవునప్పుడు, బయటికి వచ్చునప్పుడు రెండుసార్లు తాకించవలెను, లేనిచో ఎక్కువ పైకము పోవును. అరవై దాటినవారికి ఉచితమని విని ఆశపడకండి, అది అక్కడ నివసించేవారికే. కదిలే మెట్ల మీద కుడిప్రక్కన నిలువవలెను, ఎడమప్రక్క తొందరగా పోయేవారిది. వాహనములు మన దేశములో వలె ఎడమప్రక్కనే నడచును, అది మనకు మేలు. ఫోను మాత్రము రోడ్డు అంచున చేతిలో పట్టుకొని నిలువవద్దు. సైకిళ్లపై వచ్చి లాగుకొని పోయేవారున్నారు. ఇంటి చిరునామా, పిల్లల ఫోను నంబరు కాగితము మీద వ్రాసి సంచిలో ఉంచుకోవలెను.

పిల్లలకు మా మాట ఒకటి. అమ్మానాన్నలను కారులో త్రిప్పి ఫోటోలు తీసి పంపుట మంచిదే, కాని ఒక శనివారము వారిని బస్సులో తీసుకొని వెళ్లండి. మరుసటి శనివారము వారిని ముందు నడువనిచ్చి మీరు వెనుక నడవండి. మూడవసారి వారే వెళ్లుదురు. ఈస్ట్‌హామ్‌లో మునగకాయలు, కరివేపాకు కొని తెచ్చుకున్న తల్లి ఆ సాయంత్రము ఎలా మాట్లాడునో చూడండి.

ఎక్కడికి పోవలెనంటారా? బ్రిటిష్ మ్యూజియంలో ప్రవేశము ఉచితము. మన కృష్ణ ఒడ్డున ఉన్న అమరావతి స్తూపపు శిల్పములు అక్కడ ఉన్నవి. స్టేషన్లన్నిటిలో మరుగుదొడ్లు ఉండవు గనుక చక్కెర వ్యాధి గలవారికి ఇటువంటి చోట్లు మరియొక విధముగా కూడా ఉపకారము.

మన డెల్టా వారు తప్పక చూడవలసినది నగరము వెలుపల ఉన్న డోర్కింగ్. 1847 నుండి 1852 వరకు ధవళేశ్వరము ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ 1899లో మరణించి అక్కడి శ్మశానవాటికలో సమాధి చేయబడినారు. తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు చేరి, కృష్ణ కాలువను కలిసికొనే నీరు ఆయన ఆనకట్టదే. గోదావరి జిల్లాల రైతులు వెళ్లి ఆ సమాధికి నమస్కరించి వచ్చుచుందురు. వాటర్లూ స్టేషనులో రైలెక్కితే సుమారు గంట ప్రయాణము. డిసెంబరులో నాలుగు గంటలకే చీకటి పడును, ఉదయమే బయలుదేరండి.