కంప్యూటర్ కబుర్లు: ఇంట గెలిచి రచ్చ గెలిచిన ప్రింటరు

ఉగాది పచ్చడిలో ఆరు రుచులున్నట్టే ఆఫీసు ప్రింటరుతో వేగడంలోనూ ఆరు రుచులున్నాయి. కాకపోతే అందులో వేపపువ్వు పాలు కాస్త ఎక్కువ. ఆ చేదు నేను కిందటి ఉగాదికి ముందురోజు రుచి చూశాను.

మన సంఘంలో ఏటా పంచాంగ శ్రవణం చేసే పెద్దాయన ఒకరున్నారు. అందరికీ బాబాయిగారే. ఆయన చూపు కాస్త మందగించింది, ఫోనులో చదవలేరు. "అబ్బాయ్, పెద్ద అక్షరాలతో కాగితం మీద అచ్చు వేయించి తెచ్చిపెట్టు. లేకపోతే ఈసారి నా వల్ల కాదు, ఇంకెవరినైనా చూసుకోండి" అన్నారు. ఇరవై ఏళ్ళుగా చదువుతున్న మనిషి ఆ మాట అన్నారంటే నాకు గుండె కలుక్కుమంది. "మీకెందుకు బాబాయిగారూ, మా ఆఫీసులో ప్రింటరుంది, పది నిమిషాల పని" అని కోతలు కోశాను.

శనివారం సాయంత్రం మా యజమాని అనుమతి తీసుకుని ఆఫీసుకు వెళ్ళాను. ఆరుగురం పనిచేసే చిన్న ఆఫీసు, అందరికీ కలిపి ఒకటే లేజర్ ప్రింటరు. విజయవాడ నుంచి వచ్చిన ఫైలు మీద కుడి క్లిక్ చేసి ప్రింటు కొట్టాను. తెరిచి కూడా చూడలేదు. ఉలుకూ పలుకూ లేదు. ప్రింటరు ఎదురుగా పచ్చదీపం వెలిగించుకుని కూర్చుంది, కంప్యూటరేమో "ఆఫ్‌లైన్" అంటోంది. మళ్ళీ కొట్టాను. అలా ఏడుసార్లు కొట్టాను. లిఫ్టు రాకపోతే మీట పదిసార్లు నొక్కే రకం నేను!

సరే, ఇక అసలు విషయానికి వద్దాం. ఇలాంటప్పుడు మన పెద్దలు చెప్పిన సామెతే దారి: ఇంట గెలిచి రచ్చ గెలవాలి. ప్రింటరు తన ఇంట్లో తాను బాగుందో లేదో ముందు తేల్చుకోవాలి. దాదాపు ప్రతి ఆఫీసు ప్రింటరు మెనూలోనూ "కాన్ఫిగరేషన్ పేజీ" అచ్చు వేసే ఏర్పాటు ఉంటుంది. దానికి కంప్యూటరుతో పనిలేదు. ఆ కాగితం శుభ్రంగా వస్తే టోనరు, ట్రే, రోలర్లు అన్నీ క్షేమమే; జబ్బు బయట ఉంది. రాకపోతే నెట్‌వర్కును తిట్టి ప్రయోజనం లేదు.

నాకు ఆ పేజీ వచ్చింది. అందులో ఐపీ అడ్రసు అనే వరుస చూడాలి. ఐపీ అడ్రసంటే నెట్‌వర్కులో ప్రింటరు ఇంటి నంబరు. అది 169.254 తో మొదలైతే రౌటరు దానికి నంబరే ఇవ్వలేదని అర్థం. కేబులో, వైఫై పాస్‌వర్డో చూసుకోవాలి. మా ప్రింటరుకు మంచి నంబరే ఉంది, చివర 37. మరి నా కంప్యూటరు లోపల పోర్టు పేజీ తెరిచి చూస్తే అక్కడ చివర 50 అని ఉంది! ఆ వారమే ఆఫీసులో రౌటరు మార్చారు. కొత్త రౌటరు కొత్త నంబర్లు పంచింది. నా కంప్యూటరేమో ఇల్లు మారిన చుట్టానికి పాత చిరునామాకే ఉత్తరాలు వేస్తోంది.

దీనికి మందు రెండు మోతాదులు. ఒకటి, ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్ పేజీకి వెళ్ళి కొత్త నంబరుతో టీసీపీ/ఐపీ పోర్టు చేర్చడం. రెండోది ముఖ్యం: రౌటరు సెట్టింగులలో ఈ ప్రింటరుకు ఎప్పుడూ ఇదే నంబరు ఇవ్వమని "రిజర్వేషన్" చేయించడం. మొదటిది ఇవాళ్టి నొప్పికి మాత్ర, రెండోది మళ్ళీ రాకుండా టీకా. అడ్రసు సరిగానే ఉన్నా ఆఫ్‌లైన్ అంటుంటే అదే పోర్టు పేజీలో "ఎస్ఎన్ఎంపీ స్టేటస్" అనే గడిలో టిక్కు తీసేసి చూడండి. మీ ల్యాప్‌టాప్ అతిథుల వైఫైలో ఉందేమో కూడా చూడండి. ఆ వైఫై నుంచి ఆఫీసు ప్రింటరు కనబడకుండా కట్టడి చేయడం మామూలే.

నేను పోర్టు మార్చి సరే అన్నానో లేదో, ప్రింటరు గర్జించింది. ఏడుసార్లు కొట్టానన్నాను కదా? క్యూలో కాచుకున్న ఏడూ వరసగా బయల్దేరాయి. పధ్నాలుగు పేజీల ఫైలు, ఏడు ప్రతులు, మొత్తం 98 కాగితాలు! ముందే క్యూ తెరిచి పాతవి రద్దు చేసుకుని ఉంటే సరిపోయేది. రద్దుకు కూడా లొంగని మొండి పని ఏదైనా ఉంటే, విండోస్ సర్వీసులలో "ప్రింట్ స్పూలర్"ను ఆపి మళ్ళీ నడిపించాలి.

పోనీ కాగితమైనా పనికొచ్చిందా? ఒక్క తెలుగక్షరం లేదు. అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, కొమ్మలు, కొక్కేలు. సరిగ్గా అప్పుడే బాబాయిగారి ఫోను. "ఏమోయ్, వచ్చిందా?" "వస్తోంది బాబాయిగారూ" అన్నాను. అబద్ధం కాదు, ఏదో వస్తూనే ఉంది కదా.

ఇక్కడ తప్పు ప్రింటరుది కాదు, ఫాంటుది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. కానీ మన అచ్చు పనివాళ్ళలో చాలామంది అంతకు ముందటి డీటీపీ ఫాంట్ల పద్ధతిలోనే టైపు చేస్తారు. ఆ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరం ఉండే చోట తెలుగు అక్షరం బొమ్మ పెడతారు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో బొమ్మ పోయి ఇంగ్లీషు మిగులుతుంది. యూనికోడ్‌లో టైపు చేసినదై, తగిన ఫాంటు లేకపోతే మాత్రం ఖాళీ గడులు కనబడతాయి. ఇంగ్లీషు పిచ్చిగీతలా, ఖాళీ గడులా అన్నది చూస్తే రోగం ఏదో తెలిసిపోతుంది.

రెంటికీ తేలిక మందు పీడీఎఫ్. టైపు చేసినవాళ్ళే తమ కంప్యూటరులో, ఫాంటును లోపల పొదిగి పీడీఎఫ్ చేసి పంపితే, అది ఎక్కడ తెరిచినా అక్షరం చెదరదు. అప్పటికి మనకు రాత్రి పది. విజయవాడలో ఏడున్నరే కనుక దుకాణం ఇంకా తెరిచే ఉంది. పావుగంటలో పీడీఎఫ్ వచ్చింది. ఈసారి బుద్ధిగా తెరిచి చూసి, ముందు ఒక్క పేజీయే కొట్టాను.

అది కాస్తా ఇరుక్కుంది! సింగపూరు గాలిలో తేమ ఏడాది పొడుగునా సగటున 80 శాతం పైమాటే. వారాంతంలో ఏసీ ఆపేసిన ఆఫీసులో, ట్రేలో విప్పి పెట్టిన కాగితం అప్పడంలా మెత్తబడుతుంది. మెత్తబడిన కాగితం వంకర తిరుగుతుంది, ఒకదానికొకటి అంటుకుంటుంది. టోనరు కూడా సరిగా పట్టదు. చుట్టిన కవరులోంచి కొత్త కట్ట తీసి, అంచులు విసిరి పెట్టాను. పధ్నాలుగు పేజీలూ ముత్యాల్లా వచ్చాయి.

మర్నాడు బాబాయిగారు కళ్ళజోడు సవరించుకుని, కాగితం కాస్త దూరంగా పెట్టి, ఎక్కడా తడబడకుండా చదివారు. ఆదాయ వ్యయాలు చెప్పేటప్పుడు మాత్రం నావైపు చూసి, "మీ ఆఫీసు కాగితాల వ్యయం ఇందులో రాయలేదు నాయనా" అన్నారు. ఎవరో చెప్పేశారన్నమాట! సోమవారం ఒక కట్ట కాగితం కొని ఆఫీసు బీరువాలో పెట్టాను. ఆ 98 కాగితాల వెనక వైపు మా అమ్మాయి లెక్కలు చేసుకుంటోంది.

మీరు మటుకు మీ ప్రింటరు ఐపీ నంబరు ఒక చీటీ మీద రాసి దాని నెత్తిన అంటించండి. వచ్చే సంచికకు రచనలు పంపేవారు యూనికోడ్ ఫైలుతోపాటు పీడీఎఫ్ కూడా జతచేయండి. ప్రింటు మీట ఒక్కసారే నొక్కండి. ఉంటాను మరి.