సేవకు గౌరవం, సేవకురాలికి మెట్లు

ఎల్బీనగర్‌లో నేనుంటున్న అపార్టుమెంటు సంఘం కార్యదర్శి ఒక ఆదివారం ఉదయం ఒక కాగితం పట్టుకొని మా ఇంటికి వచ్చారు. "మీరు తెలుగు లెక్చరరు గదా సార్, కొంచెం తప్పులు దిద్దిపెట్టండి" అన్నారు. కాగితం మీద ఉన్నది రెండు ముక్కలు: "పనిమనుషులు లిఫ్టు వాడరాదు. మెట్లు వాడగలరు." నా కన్ను వెంటనే తప్పు మీద పడింది. "గలరు" అంటే శక్తి కలవారని అర్థం. ఇక్కడ చెప్పదలచింది విధి గనుక "వాడవలెను" అని ఉండాలని దిద్ది ఇచ్చాను. ఆయన నాకు కృతజ్ఞత చెప్పి వెళ్ళిపోయారు. సాయంత్రానికి ఆ కాగితం లిఫ్టు పక్కన అంటుకొన్నది.

మరునాడు మా అంతస్తులో రెండిళ్ళ అంట్లు తోమే ముసలామె గుమ్మం దగ్గర ఆగి, రొప్పుతూ అడిగింది: "ఆ కాయితం మీరే రాసిన్రంట గద సారూ? నాలుగంతస్తులు ఎక్కేసరికి మోకాళ్ళు పట్టేస్తున్నయి." ఆమె నన్ను నిందించలేదు. తెలుసుకోవాలని అడిగింది, అంతే. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆమె మోకాళ్ళ దృష్ట్యా చూస్తే "వాడగలరు" అన్నది వ్యాకరణ దోషం మాత్రమే కాదు, అబద్ధం కూడా. ఆ అబద్ధాన్ని నేను శాసనంగా మార్చాను. ఈ వ్యాసం ఆ దిద్దుబాటుకు దిద్దుబాటు.

ఈ విషయాన్ని అపార్టుమెంటు సమావేశంలోను, మా కాలేజీ స్టాఫురూములోను ఎత్తాను. రెండుచోట్లా మూడు వాదాలు వినిపించాయి. ఒకటి: "మాటలో ఏముందండీ? పనిమనిషిని పనిమనిషి అనక ఏమంటాం?" రెండు: "సేవ మన సంస్కృతిలో నామోషీ ఎప్పుడైంది? మహాభక్తులు దాసులమని చెప్పుకోలేదా?" మూడు: "అంత బాధగా ఉంటే పేరు మార్చేద్దాం, హెల్పరందాం." మొదటి వాదానికి చరిత్ర తెలియదు. రెండవది చరిత్రను వంకరగా చదువుతుంది. మూడవది మర్యాదస్తుల వాదం గనుక మిగతా రెంటికన్నా ప్రమాదకరమైనది.

మాటలో ఏముందో మొదట చూద్దాం. ఇంగ్లీషువారి సర్వెంటు అన్న మాటకు మూలం లాటిన్‌లోని సెర్వుస్. దానికి బానిస అని అర్థం. వారి స్లేవ్ అన్న మాట స్లావు జాతి పేరు నుంచి వచ్చింది. మధ్యయుగాలలో ఆ జనాన్ని పట్టితెచ్చి సంతలలో అమ్మటం వల్ల జాతి పేరే బానిసకు పేరైంది. మన దాస శబ్దం కథా ఇంతే. ఋగ్వేదంలో అది ఎదిరించి నిలిచిన పరాయి జనానికి పేరు. తరువాతి కాలానికి లొంగినవాడికి, అమ్ముడుపోయినవాడికి పేరైంది. అర్థశాస్త్రం దాసులను, కర్మకరులను గూర్చి ఒక ప్రకరణమే రాసింది. మనుస్మృతి దాసులను ఏడు రకాలుగాను, నారదస్మృతి పదిహేను రకాలుగాను లెక్కపెట్టింది. ఓడినవాడి పేరే పనివాడి పేరు కావటం ఒక్క దేశంలో జరిగిన ముచ్చట కాదని పాఠకులు గమనించాలి.

మాటలు పడిపోవటమే కాదు, లేవటమూ ఉంది. నౌకరు అన్న మాట పారశీకం ద్వారా మనకు చేరినా దాని పుట్టిల్లు మంగోలు భాష. అక్కడ నోకోర్ అంటే సహచరుడు, తోడు. చెంఘిజ్ ఖాన్ వెంట నడిచిన యోధులు నోకోర్లు. ఆ తోడు హైదరాబాదు చేరేసరికి తలుపు బయట చేతులు కట్టుకొని నిలబడ్డాడు. మన ఊడిగానికి తోబుట్టువు తమిళంలోని ఊళియం. తెలుగులో "ఊడిగం చేస్తున్నావా?" అంటే తిట్టు. తమిళనాట ప్రభుత్వోద్యోగిని మర్యాదగా అరసు ఊళియర్ అంటారు. ధాతువొక్కటే, అర్థమొక్కటే; విలువలు రెండు. ఈ తేడా భాషాశాస్త్రంలో దొరకదు. ఆ మాట ఎవరికి అంటుకొన్నది, వారి చేతిలో ఏ హక్కులున్నవి అన్నచోట దొరుకుతుంది.

మా ఇంటికి దగ్గరి మాట ఒకటి చెబుతాను. జీవితం ప్రకృతి, జీతం వికృతి అని మేము విద్యార్థులకు వల్లె వేయిస్తాం. ఆ వికృతి ఎంత వికృతమో తెలంగాణ పల్లెలకు తెలుసు. మా తాత నల్లగొండ జిల్లాలో ఒక పటేలింట జీతమున్నాడు. అప్పు ఆయన తండ్రిది. ఎడ్లు కట్టినవాడు, పెండ ఎత్తినవాడు ఆయన. నా జీతం నెలకొకసారి బ్యాంకులో పడుతుంది. మా తాతకు జీతం పడలేదు, ఆయనే జీతంలో పడ్డాడు. ఒకే మాట, మూడు తరాల తేడా. ఆ తేడాను నిఘంటుకర్తలు తేలేదు. వెట్టికి, గడీలకు ఎదురుతిరిగి 1946 నుంచి 1951 దాకా పోరాడినవారు, ఆ తరువాత బడులకోసం, రిజర్వేషన్లకోసం కొట్లాడినవారు తెచ్చారు.

ఇంకా సందేహమున్నవారు 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టాన్ని తెరిచి చూడాలి. దేశంలో కట్టుబానిసత్వానికి ఏయే పేర్లున్నవో ఆ చట్టం నిర్వచనాల్లోనే వరసగా ఎత్తిరాసింది. అందులో మన భగేలా ఉంది, జీతం ఉంది, పాలేరు ఉంది, వెట్టి ఉంది. వాటి సరసనే సేవక్ అన్న మాటా ఉంది! మనం సన్మాన పత్రాలలో, ఎన్నికల గోడరాతలలో మురిసిపోయి రాసుకొనే సేవకుడు చట్టం దృష్టిలో నిషిద్ధ పదార్థాల జాబితాలో ఉన్నాడు. మాటలో ఏముందని అడిగేవారికి పార్లమెంటే జవాబిచ్చింది.

ఆ జాబితాకు కూడా అందని మాటలున్నవి. దొరసాని పెండ్లినాడు ఆమె వెంట అరణంగా గడీకి పంపిన పిల్ల ఆడబాప. పెండ్లికూతురికి పెట్టె, బిందె ఇచ్చినట్టే ఒక మనిషినీ ఇచ్చారు. బి. నర్సింగరావు 1988లో తీసిన 'దాసి' చిత్రంలో ఆ బ్రతుకును చూసినవారు మరవలేరు. "నీ బాంచెన్" అన్న మాటలోని బాంచ కూడా దాసియే. ఇప్పుడు దాన్ని సినిమాల్లో హాస్యానికి వాడుతున్నారు. నవ్వేవారు ఒక్క క్షణం ఆగి, ఆ మాట మొదట ఎవరి నోట, ఎవరి కాళ్ళ దగ్గర పుట్టిందో తలచుకొంటే మంచిది.

ఇక భక్తుల సాక్ష్యం. కంచర్ల గోపన్న పాల్వంచ తహసీలుదారు, అనగా గోలకొండ ప్రభుత్వానికి నౌకరు. ఆయన రామదాసుననుకొన్నాడు, సర్కారు సొమ్ము గుడికి పెట్టినందుకు చెరసాల అనుభవించాడు. దేవుడికి దాసుడనని చెప్పుకోవటంలో ఏలికకు దాసుణ్ణి కాననే ధ్వని ఉన్నదని నా పఠనం. పాల్కురికి సోమనాథుని బసవపురాణం చదివినవారికి మడివాలు మాచయ్య గుర్తుంటాడు. బట్టలుతికే మనిషి ఆ కావ్యంలో రాజుకు తలవంచడు. వీరశైవుల దాసోహానికి పక్కనే కాయకముంది. ఏ పనీ తక్కువది కాదన్నది దాని సారం. కాయకాన్ని వదిలి దాసోహాన్ని మాత్రమే పట్టుకొని, దాన్ని అంట్లు తోమే ఆమె నెత్తిన పెట్టటం భక్తి కాదు. అది యజమాని సౌకర్యం. తాను ఎంచుకొన్న దాస్యం వేరు, ఆకలి ఎంచిపెట్టిన దాస్యం వేరు. రేపు రానని చెప్పగలిగినవాడిదే సేవ. చెప్పలేనివాడిది చాకిరి.

పైవారు ఈ మాటను ఎప్పుడూ ఇష్టంగానే వాడుకొన్నారు. మినిస్టర్ అంటే లాటిన్‌లో పరిచారకుడు. పోపు దేవుని సేవకుల సేవకుడు. పూరీ గజపతి రథయాత్రనాడు బంగారు పిడి చీపురుతో రథం ఊడుస్తాడు. మన ప్రధానమంత్రి 2014 ఆగస్టు 15న ఎర్రకోట మీదినుంచి తాను ప్రధాన సేవకుణ్ణన్నారు. వీరిలో ఎవరినీ మెట్ల దారిన రమ్మని ఎవరూ కాగితం అంటించలేదు. బంగారు చీపురు ఏడాదికొక్కనాడు పట్టేవాడికి కీర్తి వస్తుంది. ఈతచీపురు మూడువందల అరవై రోజులు పట్టేదానికి వంగిన నడుము వస్తుంది.

ఈ వైరుధ్యం ముద్దకట్టి కనిపించే చోటు మా దిల్‌సుఖ్‌నగర్. మెట్రో దిగగానే ఎటు చూసినా కోచింగు సెంటర్ల బోర్డులు, హాస్టళ్ళు, జిరాక్సు దుకాణాలు. నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి, ఖమ్మం నుంచి వచ్చిన పిల్లలు ఒక్క గదిలో నలుగురేసి పడుకొని, ఏండ్ల తరబడి చదువుతారు. దేనికోసం? నౌకరి కోసం. పరీక్ష పెట్టేది పబ్లిక్ సర్వీస్ కమిషన్. సర్వీసు అన్నా ఆ సెర్వుస్ బిడ్డే! తెలంగాణ ఉద్యమం నీళ్ళు, నిధులతోపాటు నియామకాలు అడిగింది. 2009 నవంబరులో శ్రీకాంతాచారి ఒంటికి నిప్పంటించుకొన్నది ఈ ఎల్బీనగర్ చౌరస్తాలోనే. ఆ పిల్లల ఆశను నేను ఎగతాళి చేయను. వారిలో కొందరు నా విద్యార్థులు. నేనడిగేది వేరు. హాస్టలు పిల్లవాడు కోరే సర్వీసులో సెలవుంది, జీతపు స్కేలుంది, పదవీ విరమణ ఉంది. అదే హాస్టలులో వాడి ఎంగిలి కంచం కడిగే ఆమెది కూడా సర్వీసే. అందులో ఇవేవీ లేవు. నౌకరి దొరికితే ఊరంతా మిఠాయి పంచే మనం నౌకరు అన్న మాటను తిట్టుగా ఎట్లా వాడుతున్నాం?

వ్యాకరణం కూడా ఇక్కడ నిష్పక్షపాతం కాదు. ఆమె రాకపోతే మన ఇళ్ళల్లో వినిపించే వాక్యం: "అది ఇయ్యాల రాలేదు." చిన్నయసూరి స్త్రీలను ఏకవచనంలో అమహత్తులతో కలిపాడని మేము పాఠం చెబుతాం, కాని వాడుకలో అందరు స్త్రీలూ "అది" కారు. ప్రిన్సిపాలు గారు "మేడం", పొరుగింటామె "ఆవిడ", అంట్లు తోమే ఆమె మాత్రమే "అది". తన మనుమడి వయసు పిల్లవాడు "నువ్వు" అంటే ఆమె "సారూ" అని పలుకుతుంది.

అయితే పేరు మారిస్తే సరిపోతుందా? మన కచేరీలలో ఒక మనిషి చరిత్ర చూడండి. అతడు మొదట బిళ్ళబంట్రోతు. తరువాత ప్యూను. ఆ తరువాత అటెండరు. ఇప్పుడు ఆఫీసు సబార్డినేటు. నాలుగు పేర్లు మారినా ఫైలు మోసేది అతడే, చాయ తెచ్చేదీ అతడే. అతడి ఇల్లు నిలబడింది పేరువల్ల కాదు. సంఘం పెట్టుకొని కొట్లాడి సాధించుకొన్న సర్వీసు నిబంధనలవల్ల. ఆ నిబంధనలను ఔట్‌సోర్సింగు ఊడబెరికిననాడు పేరు అట్లాగే ఉంది, భద్రత పోయింది. హెల్పరనే పేరు ఇంకా మోసకారిది. సహాయానికి వేళ ఉండదు, వెల ఉండదు. "మా ఇంట్లో మనిషిలాంటిదే" అనేవారిని నేనొక్కటే అడుగుతాను: ఇంట్లో మనిషయితే ఆమె ఏ కుర్చీలో కూర్చుంటుంది? ఏ గ్లాసులో చాయ తాగుతుంది?

నేను కోరే మాట ఇంటిపని కార్మికురాలు. అది చెవికి ఇంపుగా ఉంటుందని కాదు. కార్మికురాలన్న మరుక్షణం పనిగంటలెన్ని, వారపు సెలవెప్పుడు, జబ్బు చేస్తే ఏమిటన్న ప్రశ్నలు పుడతాయి. ఆ ప్రశ్నలు పుట్టకూడదనే మనం ఇన్ని ముద్దుపేర్లు వెదుకుతున్నాం. 2011 జూన్ 16న జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపనివారి హక్కులపై 189వ ఒడంబడికను ఆమోదించింది. భారతదేశం అనుకూలంగా ఓటు వేసింది. ధ్రువీకరణ మాత్రం ఇప్పటికీ చేయలేదు. లైంగిక వేధింపులను అరికట్టే 2013 నాటి చట్టం ఇంటిని కూడా పనిచోటుగా గుర్తించింది. అనగా చట్టం ఒక విషయంలో గడప దాటి లోపలికి వచ్చింది. జీతం విషయంలో, సెలవు విషయంలో గడప బయటనే ఎందుకు నిలబడాలి?

చివరగా మనలను గూర్చి. పాలేరుపై, జీతగానిపై అభ్యుదయ రచయితలం పేజీలకు పేజీలు రాశాం. ఉన్నవ 'మాలపల్లి', బోయి భీమన్న 'పాలేరు' మనకు గర్వకారణాలు. కాని ఆ రచనల మీద సభ చేసుకొని ఇంటికి వచ్చేసరికి, మన వంటింట్లో తోమిన గిన్నెలు బోర్లించి ఉంటాయి. అవి ఎవరు తోమారో మన వ్యాసాలలో ఉండదు. పొలంలోని దోపిడి మనకు కనిపించింది, అక్కడ దోచేవాడు దొర గనుక. ఇంట్లోది కనిపించలేదు, అక్కడ జీతమిచ్చేది మనమే గనుక.

పనిమనిషి అన్న సమాసానికి రెండు విగ్రహవాక్యాలు చెప్పవచ్చు. "పని కొరకు మనిషి" అన్నది యజమాని విగ్రహం. "పని చేయు మనిషి" అన్నది ఆమె విగ్రహం. మొదటి దానిలో పని అయిపోగానే మనిషి అయిపోతుంది. రెండవ దానిలో పని అయిపోయాక మనిషి మిగులుతుంది. ఆమె మోకాళ్ళు మిగులుతాయి, సాయంత్రం మిగులుతుంది. ఇన్నేండ్లు తరగతిలో సమాసాలు చెప్పినవాణ్ణి, ఈ తేడా ఆమె అడిగేదాకా గ్రహించలేదు.

లిఫ్టు పక్కన కాగితం ఇంకా ఉంది. తీసివేయాలని సంఘానికి రాసి ఇచ్చాను. వచ్చే సమావేశంలో చర్చిస్తామన్నారు. అంతదాకా ఉదయం ఏడున్నరకు నేను కింద నిలబడి, ఆమె రాగానే లిఫ్టు తలుపు పట్టుకొంటున్నాను. ఇది సేవ కాదు. దిద్దిన తప్పును మళ్ళీ దిద్దుకోవటం.