చేతులకును చదువు కావలెను

 

2022 ఫిబ్రవరి 21వ తేదీన, నాటి రాష్ట్ర పరిశ్రమల శాఖామంత్రియు మన జిల్లా వారును అయిన మేకపాటి గౌతమ్ రెడ్డి గారు హైదరాబాదులో హఠాత్తుగా గుండె ఆగి మరణించిరి. అప్పటికి వారి వయస్సు 50 సంవత్సరములు. వ్యాయామమునందు శ్రద్ధ గలవారు. ఆ వార్త విని నెల్లూరు నివ్వెరపోయినది. "ఇంత ఆరోగ్యవంతునకే ఇట్లు జరిగినదా!" అని నలుగురును అనుకొనిరి, నాలుగు దినములకు మరచిరి. మరచుట తగదని చెప్పుటకే ఈ వ్యాసము.

గుండెపోటు వేరు, హృదయస్తంభనము వేరు. గుండెపోటునందు రక్తనాళము మూసికొనిపోవును. రోగి నొప్పియని చెప్పగలడు, ఆసుపత్రికి పోవుటకు కొంత వ్యవధి యుండును. అది ముదిరి హృదయస్తంభనమునకు దారితీయవచ్చును. హృదయస్తంభనమునందు గుండెను నడిపించు విద్యుత్ క్రమము చెడి, మనిషి ఉన్నచోటనే కూలును. నాలుగైదు నిమిషములు దాటినచో మెదడు చెడనారంభించును. ఎవరును ఛాతీ నొక్కనిచో బ్రతుకుటకు గల అవకాశము నిమిషమునకు నూటికి 7 నుండి 10 పాళ్ళు చొప్పున తరిగిపోవునని వైద్యులు చెప్పుదురు.

మైపాడు తీరము నెల్లూరికి 20 కిలోమీటర్లకు పైబడి యున్నది. 108 వాహనము ఎంత వేగముగా వచ్చినను ఆ కొద్ది నిమిషములలో అచ్చటి పాలెములకు చేరగలదా? పట్టణమందైనను చిన్నబజారు రద్దీని దాటగలదా? కావున మొదటి వైద్యుడు ప్రక్కన నిలిచియున్నవాడే.

మా అనుభవమొకటి చెప్పవలసియున్నది. కొన్ని ఏండ్ల క్రిందట ఒక నికాహ్ విందులో దస్తర్ఖాన్ ముందు కూర్చున్న పెద్దమనిషి ఒరిగిపోయెను. ఒకరు నీళ్ళు చల్లిరి, ఒకరు విసిరిరి, ఒకరు అరికాళ్ళు రుద్దిరి. ఎం.ఏ. పట్టము పొందిన మేము గ్లాసు పట్టుకొని నిలిచితిమి. ఆయన ఆగి ఆగి ఎగఊపిరి తీయుచుండగా "ప్రాణమున్నది" అని సంతోషించితిమి. అది నిజమైన శ్వాస కాదనియు, ఆగిన గుండెకు గుర్తనియు తరువాత తెలిసినది. ఆటో వచ్చునప్పటికి అంతయు ముగిసినది. ప్రబంధ పద్యములు వందలుగా అప్పగింపగల మాకు, ఆనాడు రెండు చేతులు ఎచ్చట ఉంచవలెనో తెలియలేదు.

తెలిసికొనుట కష్టము కాదు. భుజము తట్టి పిలువవలెను. పలుకక, సరిగా ఊపిరి తీయక యున్నచో ఒకరిని 108కు ఫోను చేయుమని చెప్పి, ఛాతీ నడుమ అరచేతి మొదలు ఉంచి, దానిపై రెండవ చేయి వేసి, మోచేతులు వంపక, 5 సెంటీమీటర్లకు తగ్గకుండ, 6కు మించకుండ, నిమిషమునకు 100 నుండి 120 పర్యాయములు నొక్కవలెను. ప్రతిసారియు ఛాతీని పూర్తిగా పైకి లేవనీయవలెను. అలసినచో మరొకరు అందుకొనవలెను. సముద్రమున మునిగినవారికి నోటితో ఊపిరి ఊదుటయు ముఖ్యము. తలక్రిందులు చేసి నీరు కక్కించుటలో కాలము పోగొట్టరాదు.

1960లో అమెరికా వైద్యులు లోకమునకు తెలిపిన పద్ధతి ఇది. సియాటిల్ నగరము 1970 దశకము నుండియే దీనిని సామాన్య పౌరులకు నేర్పినది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు ఆరాంఘర్ వద్ద కూలిన ఒక వ్యక్తిని ట్రాఫిక్ కానిస్టేబులొకరు ఇట్లే బ్రతికించిరి. ఆయన వైద్యుడు కాడు; ఆయన చేతులకు చదువున్నది.

పరాయి స్త్రీని తాకుట ఎట్లని సంకోచించువారు మనలో కలరు. ప్రాణము పోవుచుండగా సంకోచము మర్యాద కానేరదు. అయినను వాదము కంటె ఉపాయము మేలు. ఈ ఆపదలలో అధికభాగము ఇంటనే సంభవించును. మన విద్యార్థినులందరును నేర్చినచో ప్రతి ఇంటను ఒక రక్షకురాలుండును.

కళాశాల సంఘమునకు మా విన్నపము ఒక్కటే. నెల్లూరు ప్రభుత్వ వైద్య కళాశాల వైద్యులను ఆహ్వానించి, ఏటేట ఒక దినము ఈ శిక్షణకు కేటాయింపుడు. ఉర్దూ తెలుగులలో కరపత్రము వేయించి, జుమా నాడు మసీదుల యొద్దను, తీరమందలి పాలెములలోను పంచుదము. మొహర్రమునందు బారాషహీద్ దర్గా వద్ద లక్షలాది జనము చేరు రొట్టెల పండుగకు మన విద్యార్థులను సేవకులుగా పంపుదము.

స్వర్ణాల చెరువు నీటిలో నిలిచి, ఎదుటివాని మతమడుగక రొట్టె నందించు చేతులు మనవి. ఆ చేతులకు ఈ ఒక్క విద్యయు నేర్పుదము.