‘మా ఇంట్లో మనిషే’ అంటే సరిపోదు

2023 జనవరి 16న దక్షిణాఫ్రికాలో మర్టిల్ విట్‌బోయి క్యాన్సర్‌తో కన్నుమూశారు. తెలుగునాట ఆ కబురు ఎవరి చెవినా పెద్దగా పడలేదు. ఇళ్లలో అంట్లు తోమి, బట్టలుతికి, పిల్లల్నీ మంచాన పడ్డ పెద్దవాళ్లనీ కనిపెట్టుకుని ఉండే ఆడవాళ్ల సంఘాలను దేశదేశాల నుంచి కూడగట్టిన అంతర్జాతీయ గృహ కార్మికుల సమాఖ్యకు ఆమె తొలి అధ్యక్షురాలు. స్వయానా ఆ పని చేసి వచ్చిన మనిషి. ఆమెను తలచుకున్నప్పుడల్లా ధైర్యం, త్యాగం అంటూ ఉంటారు. నాకు అంతకన్నా విలువైనదిగా కనిపించేది ఆమె మొండి చట్టపరిజ్ఞానం. యజమాని మంచివాడా కాదా అన్న చర్చలోకి దిగకుండా, పనిగంటలు ఏ చట్టంలో ఉన్నాయో చూపించమని అడగడం.

1947లో జెనడెండాల్ అనే పాత క్రైస్తవ మిషన్ ఊళ్లో ఆమె పుట్టారు. (మండేలా అధ్యక్షుడయ్యాక కేప్‌టౌన్‌లోని తన అధికార నివాసానికి పెట్టుకున్నది ఈ ఊరి పేరే.) జాతివివక్ష పాలన ఉచ్చదశలో ఉన్నప్పుడు కేప్‌టౌన్‌లో ఓ ఇంట పనికి కుదిరారు. మిగతా కార్మికులకున్న హక్కులు మాకెందుకు లేవంటూ ఓ పత్రికకు ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం పట్టుకుని విలేకరి ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. ఆ తర్వాత సభ పెడితే వందల మంది పనివాళ్లు తరలివచ్చారు. 1986లో దక్షిణాఫ్రికా గృహ కార్మికుల సంఘం పుట్టింది. అది చితికిపోయాక 2000లో కొత్త సంఘం కట్టి, ప్రధాన కార్యదర్శిగా చివరిదాకా మోశారు.

చితికిపోవడంలో వింతేమీ లేదు. ఫ్యాక్టరీలో వెయ్యి మందికి ఒకే యజమాని, ఒకే గేటు. షిఫ్టు మారే వేళకు కరపత్రం పంచితే చాలు. ఇంటిపనిలో ఒక్కో మనిషికి ఒక్కో యజమాని, కొందరికి నలుగురైదుగురు. చందా ఎక్కడ వసూలు చేయాలి, మీటింగు ఏ పూట పెట్టాలి? సమ్మె అసాధ్యమని కాదు. 1980లో పుణే పనివాళ్లు చేసి చూపించారు. కానీ ఒంటరిగా మానేసిన మనిషి స్థానంలోకి మర్నాడు పొద్దున్నే ఇంకొకరు వస్తారు. అందుకే ఈ కార్మికులకు బేరమాడే బలం యజమానితో గొడవలో కాక, పార్లమెంటు దగ్గరా కోర్టు దగ్గరా దొరకాలి. విట్‌బోయి దీన్ని త్వరగానే పసిగట్టారు. కనీస వేతనం, నిరుద్యోగ బీమా ఒక్కొక్కటే అలా ఒత్తిడి చేసి తెచ్చుకున్నవే.

అన్నిటికన్నా చెప్పుకోవలసిన కేసు మరియా మహ్లాంగుది. ప్రిటోరియాలో ఒకే ఇంట్లో 22 ఏళ్లు పనిచేసిన మనిషి. చూపు సరిగా ఆనదు. 2012 మార్చి 31న కిటికీ అద్దాలు బయటి నుంచి తుడుస్తూ కాలు జారి ఈతకొలనులో పడ్డారు. ఈత రాదు. యజమాని ఇంట్లోనే ఉన్నా ఏ చప్పుడూ వినపడలేదన్నారు. కూతురికి ఆ ఇంటివాళ్లు ఇచ్చింది 5,000 ర్యాండ్లు. పరిహారం కోసం కార్మిక శాఖకు వెళితే, పనిలో ప్రమాదాల చట్టం ఇంటిపనివాళ్లకు వర్తించదు పొమ్మన్నారు. 1993లో చేసిన చట్టమే వాళ్లను పేరు పెట్టి మరీ పక్కన ఉంచింది. ఆ కూతురుతో పాటు విట్‌బోయి సంఘం కూడా కేసులో నిలబడింది. 2020 నవంబరు 19న రాజ్యాంగ న్యాయస్థానం ఆ మినహాయింపును కొట్టేసింది, అదీ 1994 ఏప్రిల్ 27 నుంచి వర్తించేలా. ఇరవై రెండేళ్ల ‘ఇంటి మనిషి’ తనానికి ఆ ఇల్లు కట్టిన ధర, చట్టం ఒప్పుకున్న హక్కు, రెండూ ఈ ఒక్క కేసులో పక్కపక్కనే కనిపిస్తాయి.

అయితే అక్కడ అంతా చక్కబడిందనుకోకూడదు. దక్షిణాఫ్రికాలో ఇప్పటికీ ఇంటివాళ్లు ఒప్పుకోనిదే, లేదా లేబర్ కోర్టు అనుమతి లేనిదే తనిఖీ అధికారి గడప దాటలేడు. మిగతా కార్మికులతో సమాన కనీస వేతనం 2022లో గానీ రాలేదు. విట్‌బోయి గెలిచినవి చాలావరకు కాగితం మీది గెలుపులే అని పెదవి విరిచేవాళ్లున్నారు. నేనలా అనుకోను. కాగితం లేనప్పుడు ఆ కూతురు ఏ కోర్టు మెట్లెక్కేది?

2011లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒప్పందాన్ని 396 ఓట్లతో ఆమోదించింది. వ్యతిరేకంగా పడినవి 16. ఆ ఒప్పందం కోసం పనివాళ్ల తరఫున గొంతెత్తిన వాళ్లలో విట్‌బోయి ముందువరుసలో ఉన్నారు. 2013లో దక్షిణాఫ్రికా దాన్ని ధ్రువీకరించింది. భారత్ అనుకూలంగా ఓటైతే వేసింది గానీ, ధ్రువీకరణ ఊసెత్తలేదు. 2008 అసంఘటిత కార్మికుల చట్టం, 2013 లైంగిక వేధింపుల చట్టం ఇంటిపనివాళ్లను లెక్కలోకి తీసుకున్నాయి. పనిగంటలు, సెలవు, జీతం కలిపి చెప్పే జాతీయ చట్టం మాత్రం లేదు. 2025 జనవరి 29న సుప్రీంకోర్టు, ఇలాంటి చట్టం అవసరమో కాదో తేల్చడానికి కమిటీ వేయమని కేంద్రాన్ని ఆదేశించింది. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు పనమ్మాయి గేటు దాటిన నిమిషం యజమాని ఫోన్‌లో మోగుతుంది. ఆమె ఎన్ని గంటలు నడుం వంచిందో ఏ యాప్ లెక్కపెట్టదు. అడిగితే వచ్చే జవాబు తెలిసిందే: మా ఇంట్లో మనిషిలా చూసుకుంటున్నాం కదా! పండక్కి చీర పెడతారు, పాపకు ఫీజు కడతారు. వారానికో రోజు సెలవు అడిగితే మొహం మాడుతుంది.

కడప, రాయచోటి, కోనసీమ ప్రాంతాల నుంచి ఖద్దామా (ఇంటిపని) వీసా మీద కువైట్ వెళ్లిన ఆడవాళ్ల కష్టాలు మనకు కొత్త కాదు. పాస్‌పోర్టు లాగేసుకున్నారనీ, జీతం ఎగ్గొట్టారనీ వార్త వస్తే మనకు రక్తం మరుగుతుంది, మరగాలి కూడా. కానీ కువైట్ 2015లోనే ఇంటిపనివాళ్లకంటూ విడిగా చట్టం చేసింది: రోజుకు 12 గంటలకు మించి పని కూడదు, వారానికో రోజు సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో సెలవు, పని మానితే ఏడాదికో నెల జీతం లెక్కన చివరి చెల్లింపు. అమలు అంతంతమాత్రమే. అయినా అక్కడ మోసపోయిన మనిషి ఆ చట్టాన్ని పట్టుకుని ఫిర్యాదు చేయొచ్చు. ఆవిడే తిరిగొచ్చి కూకట్‌పల్లిలో ఓ ఇంట పనికి కుదిరితే, ఆ నాలుగింటినీ కలిపి రాసిన చట్టమేదీ ఆమె చేతిలో ఉండదు.